ఒక్క ప్రతి, ఆరు ఇళ్లు: యుద్ధకాలపు నవలను ఇరుగుపొరుగుతో కలిసి చదవడం ఎలా

ఆరిళ్ల వాళ్లు కలిసి ఒక నవల చదవడానికి ఆరు ప్రతులు కొనక్కర్లేదు. ఒకటి చాలు, రెండుంటే సుఖం. ఆ ఒక్క ప్రతీ పేజీలు ఊడకుండా, ఎవరింట్లోనో టీవీ స్టాండు కింద మూడు నెలలు పడి ఉండకుండా అన్ని గుమ్మాలూ తిరిగి రావాలంటే మాత్రం మొదలుపెట్టే ముందే కొన్ని పనులు చేసుకోవాలి. యుద్ధకాలపు నవలకు ఇంకొంచెం శ్రమ ఎక్కువ. అందులో పాత ఊరి పేర్లు ఉంటాయి, తేదీలు ఉంటాయి, ఎదురెదురు పక్షాల్లో చేరిపోయిన స్నేహితులు ఉంటారు. చదివేవాళ్లలో ఎవరింటి కథకో మరీ దగ్గరగా వచ్చే ఘట్టాలూ ఉంటాయి.

ఇక్కడ ఉదాహరణకు బర్మా (ఇప్పటి మయన్మార్) యుద్ధకాలాన్ని, అంటే 1941–45ను తీసుకుందాం. తెలుగువాళ్లకు అది పరాయి యుద్ధం కాదు. కాకినాడ, విశాఖ రేవుల్లో ఓడలెక్కి రంగూన్ వెళ్లి ధాన్యం మిల్లుల్లో, రేవులో, కోత మిల్లుల్లో పనిచేసినవాళ్లు లెక్కలేనంతమంది. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. అక్కడ తెలుగువాళ్లను కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుతోనే పిలిచేవాళ్లు. మీరు ఎంచుకున్నది 1971 యుద్ధమో, ఐరోపాలో జరిగే కథో అయితే తేదీలూ పటమూ మార్చుకోండి. పద్ధతి అదే.

నవల ఎంచుకోవడం

పేరు విని కొనకండి. షాపులోనో పుస్తకాల ఎగ్జిబిషన్‌లోనో చేతిలోకి తీసుకుని చూడండి. 250 నుంచి 400 పేజీల మధ్య ఉంటే నలుగురిలో తిప్పడానికి వీలు. 600 దాటితే రెండో ఇంట్లోనే ఆగిపోతుంది. అక్షరం సైజు మీ కళ్లతో కాక, వరుసలో ఉండబోయే అందరికన్నా పెద్దవాళ్ల కళ్లతో చూడండి. లోపలి కాగితం పల్చగా ఉండి వెనక పేజీ అక్షరాలు ఇటు కనిపిస్తుంటే సాయంత్రం దీపం కింద చదివేవాళ్లకు కష్టం.

తర్వాత బైండింగ్. పుస్తకం తల వైపు నుంచి వెన్ను చూడండి. కాగితాలు మడతలు పడిన చిన్న చిన్న కట్టల్లా కనిపించి, ఒక్కో కట్ట మధ్య పేజీలో దారం ఉంటే అది కుట్టు బైండింగ్. అది ఆరిళ్లేమిటి, అరవై ఇళ్లు తిరిగినా తట్టుకుంటుంది. విడి కాగితాల అంచులు గమ్ములో కూరుకున్నట్టు ఉంటే అది గమ్ బైండింగ్. ఇప్పుడు వచ్చే పుస్తకాల్లో ఎక్కువ ఇవే. మంచం మీద వెల్లకిలా పడుకుని, పుస్తకాన్ని వెనక్కి విరిచి ఒక చేత్తో పట్టుకుని చదివేవాళ్లు ఒకరున్నా చాలు, మధ్య పేజీలు ఊడిపోతాయి. లోపలి మార్జిన్ కనీసం 2 సెంటీమీటర్లు ఉంటే బైండరు దగ్గర ముందే పక్క కుట్టు వేయించుకోవచ్చు. ఆ కుట్టు దాదాపు సెంటీమీటరు మార్జిన్ తినేస్తుంది. అంతకన్నా తక్కువ మార్జిన్ ఉంటే వాక్యాల మొదళ్లు మడతలోకి పోయి చదవడానికి రావు. అలాంటి పుస్తకానికి కుట్టు వేయించకపోవడమే మంచిది.

అనువాద నవల అయితే మొదటి పేజీ చూసి మోసపోవద్దు. మొదటి పేజీ ఎవరైనా జాగ్రత్తగానే రాస్తారు. నడుమ ఎక్కడో ఇద్దరు సిపాయిలు మాట్లాడుకునే చోటు తెరిచి పైకి చదవండి. నోటికి అడ్డం పడితే వదిలేయండి. ముందుమాటలో రచయిత ఏది చరిత్రో, ఏది కల్పనో చెప్పారా అన్నదీ చూడండి. చెప్పిన పుస్తకం దొరికితే చివరి రోజు సగం వాదనలు తప్పుతాయి.

యుద్ధకాలపు స్నేహం గురించి రాసిన నవలలో చూడాల్సిన అసలు సంగతి మరొకటుంది. ఆ స్నేహానికి పాత్రలు ఏమైనా మూల్యం చెల్లించాయా? రంగూన్‌లో తెలుగు కూలీకీ బర్మీయుడికీ మధ్య స్నేహం రాసేవాళ్లు 1930 మే నెలను దాటేసి రాయలేరు. ఆ నెలలో తెలుగు రేవు కూలీలు సమ్మె చేస్తే వాళ్ల స్థానంలో బర్మీయులను పనిలోకి తీసుకున్నారు. సమ్మె తీరి పాతవాళ్లు తిరిగి పనికి రాగానే మొదలైన గొడవ ఊరంతా పాకి దొమ్మీలైంది. 1938లో మళ్లీ దొమ్మీలు. ఆ నేపథ్యం ఊసే లేకుండా ఇరుగుపొరుగు అంతా ఒకే కుటుంబంలా బతికారని సాగిపోయే నవల హాయిగా ఉంటుందేమో కానీ నలుగురు కూర్చుని మాట్లాడుకోవడానికి అందులో ఏమీ మిగలదు.

ఎందరు, ఎన్నాళ్లు

డెమీ సైజు నవలను మామూలు పాఠకులు గంటకు 25–30 పేజీలు చదువుతారనుకోండి. 380 పేజీలకు సుమారు 14 గంటలు. రోజుకు గంట చొప్పున ఒక్కో ఇంటికి 14 రోజులు. ఆరిళ్లకు 84 రోజులు, అంటే 12 వారాలు. రెండు ప్రతులుంటే ఆరు వారాలు. ఎనిమిది ఇళ్లు దాటితే రెండో ప్రతి కొనక తప్పదు. లేకపోతే చివరి ఇంటికి చేరేసరికి మొదటి ఇంటివాళ్లు పాత్రల పేర్లే మర్చిపోతారు.

దసరా వెళ్లిన వారం మొదలుపెడితే సంక్రాంతి దగ్గరికి పూర్తవుతుంది. వానాకాలం తేమ తగ్గి ఉంటుంది, పిల్లల పరీక్షలు ఇంకా రావు. ఫిబ్రవరిలో మొదలుపెట్టిన వరుస మార్చిలో పదో తరగతి, ఇంటర్ పిల్లలున్న ఇళ్ల దగ్గర ఆగుతుంది. ఆ తప్పు వాళ్లది కాదు, తేదీ పెట్టినవాళ్లది.

వరుస ఎలా పెట్టాలి? వేగంగా చదివేవాళ్లను మొదట పెట్టాలనిపిస్తుంది. అలా పెట్టొద్దు. మొదటి రెండు స్థానాల్లో మాట మీద నిలబడేవాళ్లను, తేదీ తప్పనివాళ్లను పెట్టండి. మొదటి గడువు తప్పితే మిగిలిన గడువులను ఎవరూ లెక్క చేయరు. వేగంగా చదివేవాళ్లు మూడు, నాలుగు స్థానాల్లో ఉంటే ముందు పోయిన రోజులు కలిసొస్తాయి. పెద్ద వయసువాళ్లకు చివరి వంతు ఇవ్వకండి. ఆస్పత్రులు, ప్రయాణాలు, కంటి ఆపరేషన్లు వాళ్లకే ఎక్కువ. వాళ్లు నడుమ ఉంటే ఎటైనా సర్దవచ్చు.

డబ్బు ముందే తేల్చుకోండి. పుస్తకం 400 రూపాయలైతే ఇంటికి 70 చొప్పున 420 వస్తుంది. మిగిలిన 20 అట్ట కాగితానికి. పుస్తకం పోతే ఎవరి వంతులో పోయిందో వాళ్లు కొత్తది కొనాలన్న మాట మొదటి రోజే అందరి ముందు అనేసుకుంటే తర్వాత ఎవరూ నొచ్చుకోరు.

వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్ పెట్టేస్తే పోలేదా అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. మీరు కొన్న ప్రతిని పక్కింటికి చదవడానికి ఇవ్వడం మీ ఇష్టం. దాన్ని స్కాన్ చేసి పంచడం 1957 కాపీరైట్ చట్టం ఒప్పని పని. మన దేశంలో రచయిత పోయాక కూడా 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. తెలుగులో నవల రాసేవాళ్లకు వచ్చేదే కొంచెం. ఆ కొంచెం మీద చెయ్యి వేయకండి.

పుస్తకాన్ని దారికి సిద్ధం చేయడం

ఈ పనికి ఒక సాయంత్రం పడుతుంది. వెన్ను బల్లకు ఆనించి పుస్తకాన్ని నిలబెట్టండి. ముందు వైపు పది పేజీలు, వెనక వైపు పది పేజీలు తెరిచి లోపలి మడత వెంట వేలితో మెల్లగా పైనుంచి కిందికి నొక్కండి. మళ్లీ ముందు పది, వెనక పది. ఇలా నడిమికి రండి. దీంతో వెన్ను అంతా సమంగా వదులవుతుంది. నేరుగా నడిమి పేజీ తెరిచి విరిస్తే గమ్ము ఆ ఒక్క చోటే చీలుతుంది. తర్వాత అక్కడి నుంచే పేజీలు రాలతాయి.

తర్వాత అట్ట. బడి పుస్తకాలకు వేసే గోధుమ రంగు కాగితమే మంచిది. మూడు వైపులా 5 సెంటీమీటర్లు మడత వచ్చేలా కత్తిరించుకోండి. అట్టకు గమ్ము పెట్టొద్దు, మడతతోనే నిలవాలి. మూడిళ్లు తిరిగాక నలిగితే మార్చుకోవచ్చు. ప్లాస్టిక్ కవరు వేస్తే లోపల తేమ నిలిచి అట్ట వంకర తిరుగుతుంది. వాన రోజున చేతులు మారేటప్పుడు మాత్రం ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇచ్చి, లోపలికి వెళ్లగానే తీసేయమని చెప్పండి.

వెనక అట్ట లోపల ఒక చీటీ అతికించండి. అందులో నాలుగు గడులు: ఇంటి నంబరు, తీసుకున్న తేదీ, ఇవ్వాల్సిన తేదీ, తర్వాత ఎవరికి. ఇవ్వాల్సిన తేదీలు మీరే ముందుగా రాసిపెట్టండి. ఖాళీగా వదిలితే ఖాళీగానే ఉంటాయి. ఫోన్ నంబర్లు రాయొద్దు. పుస్తకం ఎక్కడైనా జారిపోతే ఆరిళ్ల నంబర్లు ఎవరి చేతిలోనో పడతాయి. చీటీ పక్కనే ఒక కవరు అతికించండి. దాని ఉపయోగం కింద వస్తుంది.

గుర్తు కోసం ఒక్కో ఇంటికి ఒక రంగు కాగితపు ముక్క ఇవ్వండి. పేజీ కొన మడవకూడదు, పుస్తకాన్ని బోర్లా పెట్టకూడదు. పువ్వులు పెట్టే అలవాటున్నవాళ్లకు ప్రత్యేకంగా చెప్పండి. మల్లెపువ్వు ఎండేలోపు రెండు పేజీల మీద గోధుమ రంగు మరక వదులుతుంది. మార్జిన్‌లో రాతలు వద్దు. అద్దె పుస్తకాల షాపుల రోజుల్లో తెలుగు పాఠకులకు ఆ అలవాటు బాగానే ఉండేది. హంతకుడి పేరు మూడో పేజీలోనే పెన్సిల్‌తో రాసిపెట్టిన నవలలు చాలామంది చూసే ఉంటారు.

లోపల పెట్టాల్సిన రెండు కాగితాలు

యుద్ధ నవలను చాలామంది 50వ పేజీ దగ్గర వదిలేస్తారు. కథ బాగోలేక వదిలేసేవాళ్లకన్నా ఊళ్లు, పేర్లు, హోదాలు కలగాపులగమై వదిలేసేవాళ్లే ఎక్కువ. రెండు ఏ4 కాగితాలు ఆ ఇబ్బందిని తప్పిస్తాయి. మొదటి వంతు తీసుకున్నవాళ్లే వీటిని తయారుచేయాలి.

మొదటి కాగితం ఒక వైపు పటం. చేత్తో గీసినా చాలు. ఊళ్ల పాత పేరు, పక్కనే ఇప్పటి పేరు రాయండి: రంగూన్–యాంగోన్, పెగూ–బగో, ప్రోమ్–ప్యే, అక్యాబ్–సిట్వే, మౌల్మేన్–మౌలమ్యాయిన్. 1942లో జనం తిరిగొచ్చిన దారులు మూడు బాణాలతో చూపించండి. ఒకటి ప్రోమ్ నుంచి కొండలు దాటి తౌంగప్, అక్కడి నుంచి అక్యాబ్ మీదుగా చిట్టగాంగ్. రెండోది మాండలే వైపు నుంచి కలేవా, టాము మీదుగా ఇంఫాల్, దిమాపూర్. మూడోది ఉత్తరాన హుకాంగ్ లోయ గుండా లీడో. నాలుగైదు లక్షల మంది భారతీయులు ఆ ఏడాది బర్మా వదిలి వచ్చారని అంచనా. తౌంగప్ దారిలో కలరా, హుకాంగ్ లోయలో వానలు, బురద, ఆకలి ఎంతోమందిని పొట్టనపెట్టుకున్నాయి. ఏ పాత్ర ఏ దారిన నడుస్తోందో తెలిస్తే ఆ అధ్యాయం బరువే వేరుగా ఉంటుంది.

అదే కాగితం వెనక తేదీలు:
1937 ఏప్రిల్ 1 – పాలనలో భారత్ నుంచి బర్మా వేరుపడింది
1941 డిసెంబర్ 23 – రంగూన్ మీద జపాన్ తొలి వైమానిక దాడి
1942 ఫిబ్రవరి 15 – సింగపూర్ జపాన్ చేతికి
1942 మార్చి 8 – రంగూన్ జపాన్ చేతికి
1942 ఏప్రిల్ 6 – విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు
1943 అక్టోబర్ 21 – సింగపూర్‌లో ఆజాద్ హింద్ ప్రభుత్వం
1944 మార్చి–జులై – ఇంఫాల్, కోహిమా యుద్ధాలు
1945 మే – రంగూన్ మళ్లీ బ్రిటిష్ సేనల చేతికి

రెండో కాగితం మీద పాత్రలు. 12 మందికి మించి రాయకండి. పేరు, ఊరు, ఎవరికి ఏమవుతారు, సైన్యంలో ఉంటే హోదా రాస్తే చాలు. జవాను, నాయక్, హవల్దార్, జమాదార్, సుబేదార్ అనే వరుస ఒక మూల రాసిపెడితే ఎవరు ఎవరికి సెల్యూట్ కొడుతున్నారో తెలుస్తుంది. ఎవరు బతుకుతారు, ఎవరు పోతారు అన్న సూచన ఎక్కడా ఉండకూడదు. ‘మొదటి భార్య’ అన్న మాట కూడా కొన్నిసార్లు కథ చెప్పేస్తుంది.

ఈ తేదీల కాగితం మరో పనికీ వస్తుంది. 1940లోనే రంగూన్ మీద జపాన్ విమానాలు తిరిగినట్టు నవలలో ఉంటే రచయిత పొరబడ్డట్టే. 1942లో ఒక తెలుగు పాత్ర నోట ‘యాంగోన్’ అని వస్తే కూడా అంతే. ఆంగ్లంలో ఆ పేర్లు మారింది 1989లో. ఇలాంటివి కనిపిస్తే పేజీ నంబరు రాసి కవరులో వేయండి. ఒకటి రెండు పొరపాట్లతో నవల విలువ పోదు. పదీ పదిహేనూ దొరికితే మాత్రం అందులోని ముఖ్య ఘట్టాలను కూడా చరిత్రగా నమ్మకూడదు.

గుమ్మం దగ్గర

పుస్తకం చేతి నుంచి చేతికే వెళ్లాలి. వాచ్‌మన్ గదిలో ఇవ్వొద్దు, చెప్పుల స్టాండు మీద పెట్టొద్దు, తలుపు గొళ్లేనికి సంచిలో తగిలించొద్దు. పోతుందన్న భయం ఒక్కటే దీనికి కారణం కాదు. ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ గుమ్మంలో నిలబడి మాట్లాడుకునే ఆ ఐదు నిమిషాల కోసమే ఇదంతా. అది లేకపోతే ఎవరి ప్రతి వాళ్లు కొనుక్కుని చదువుకోవచ్చు. ఒకే మెట్లెక్కుతూ పదేళ్లుగా తల ఊపడం తప్ప మాట లేని ఇళ్లు ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా రెండు మూడు ఉంటాయి. వరుసలో ఆ ఇళ్లను పక్కపక్కన పెట్టండి.

ఇచ్చేటప్పుడు మూడు విషయాలు చెప్పండి: ఎప్పటికి ఇవ్వాలి, తర్వాత ఎవరికి, ఎక్కడ ఓపిక పట్టాలి. మూడోది ముఖ్యం. “పిన్నిగారూ, మొదటి 40 పేజీలు పేర్లతో కాస్త నెమ్మదిగా నడుస్తాయి. ఆ పటం పక్కన పెట్టుకోండి. ఓడ ఎక్కిన దగ్గర్నుంచి మీరే ఆపరు.” ఇలా ఒక్క మాట చెప్తే సగం పని అయిపోయినట్టే. నవల బాగుందనో బాగోలేదనో మాత్రం అప్పుడే చెప్పకండి. మీ అభిప్రాయం విన్నాక వాళ్లు దాన్ని ఒప్పుకోవడానికో కాదనడానికో చదువుతారు.

మెట్లు ఎక్కి దిగలేనివాళ్లు ఉంటే పుస్తకమే వాళ్ల దగ్గరికి వెళ్లాలి. ఇది మనకు కొత్త కాదు. 1935లోనే పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం తిరిగింది. పైకి చదివించుకునేవాళ్లకు గంటకు 15 పేజీల లెక్క వేసుకోండి. అంటే 380 పేజీలకు పాతిక గంటలు. ఒకేసారి అరగంటకు మించి చదివితే చదివేవాళ్ల గొంతు, వినేవాళ్ల శ్రద్ధ రెండూ అలసిపోతాయి. వాళ్ల గడువు నాలుగు వారాలకు పెంచి, రోజుకు రెండు పూటలు పెట్టుకోండి. ఇంటర్ చదివే పిల్లలెవరైనా వంతులవారీగా చదివితే ఇద్దరికీ మంచిది.

ముందున్నది చెప్పకుండా

ఒక్కో ఇల్లు ఒక్కో పేజీలో ఉన్నప్పుడు కథ బయటపడిపోవడం చాలా తేలిక. ఒకే నియమం పెట్టుకోండి: చదువుతున్నవాళ్లు ముందు పేజీ నంబరు చెప్పాలి, చదివేసినవాళ్లు ఆ పేజీ దాటి మాట్లాడకూడదు. “నేను 140లో ఉన్నానండీ” అంటే 140 వరకే మాట. “అయ్యో, ఇంకా ఉంది చూడండి” అని నిట్టూర్చడం కూడా కథ చెప్పడమే.

చెప్పుకోలేని మాట లోపల నిలవదు కాబట్టే ఆ కవరు. ప్రతి ఇంటివాళ్లూ పూర్తిచేశాక అరచేతి సైజు కాగితం మీద పేజీ నంబరు వేసి రెండు మూడు వాక్యాలు రాసి మడిచి అందులో వేయాలి. పేరు రాయక్కర్లేదు. అందులోవి ముందే తీసి చదవకూడదు. ఆరో ఇల్లు పూర్తయ్యాక అందరి ముందూ తెరుస్తారు. నలుగురిలో నోరు విప్పనివాళ్ల మాటలు చాలాసార్లు ఈ కాగితాల్లోనే దొరుకుతాయి.

హింస ఎక్కువున్న పేజీల నంబర్లు మొదట చదివినవాళ్లు చీటీ కింద రాయాలి. పిల్లలున్న ఇళ్లకు, ఈమధ్యే ఎవరినైనా పోగొట్టుకున్న ఇళ్లకు, కొడుకో అల్లుడో సైన్యంలో ఉన్న ఇళ్లకు అది అవసరం. చదవొద్దని చెప్పడానికి కాదు, రాత్రి పడుకునే ముందు కాకుండా పగటిపూట చదువుకునే వీలు ఇవ్వడానికి.

పుస్తకం ఒకచోట ఆగిపోతే

గడువుకు మూడు రోజుల ముందు ఒక మాట, గడువు రోజున ఒక మాట. అడగాల్సింది వరుసలో తర్వాతి వాళ్లు కాదు, మొత్తం చూసుకునే ఒక్కరే. “వదినగారూ, ఎంతవరకు వచ్చింది? ఇంకో నాలుగు రోజులు కావాలా, లేకపోతే మూడో అంతస్తుకు ఇచ్చేసి మళ్లీ చివర్లో మీరు తీసుకుంటారా?” ఇలా రెండు దారులు చూపిస్తే వాళ్లకు ఇబ్బంది ఉండదు. వారం పొడిగింపు ఒకసారే. రెండోసారి అడిగితే చదవడం ఆగిపోయిందనే అర్థం. అప్పుడు పుస్తకం తెచ్చేసుకుని, వాళ్లకు చివరి వంతు రాయండి. గ్రూపులో అందరి ముందూ గుర్తుచేయడం మాత్రం వద్దు. పుస్తకం వెంటనే వస్తుంది, మనిషి మళ్లీ రారు.

పాడైతే

పేజీ ఊడితే: లోపలి అంచుకు 2–3 మిల్లీమీటర్ల మేర మాత్రమే ఫెవికాల్ పల్చగా పూసి, మిగతా పేజీలతో అంచులు సరిచూసి పెట్టి, రెండు వైపులా బటర్ పేపరు ఉంచి రాత్రంతా బరువు కింద పెట్టండి. గమ్ము ఎక్కువైతే పక్క పేజీలూ అంటుకుంటాయి.

పేజీ చిరిగితే సెల్లోటేపు వేయకండి. కొన్నేళ్లకు పసుపు రంగుకు తిరిగి, దాని జిగురు అక్షరాల మీదికి కారుతుంది. ఒక చెంచా మైదాకు ఐదారు చెంచాల నీళ్లు కలిపి సన్నటి సెగ మీద తెల్లదనం పోయి నిగనిగలాడేదాకా కలుపుతూ ఉడికించండి. చల్లారాక సన్నటి టిష్యూ కాగితపు పట్టీకి రాసి చిరుగు మీద అతికించండి. పాత బైండర్లు పురుగు పట్టకుండా ఇందులో మైలతుత్తం కలిపేవాళ్లు. అది విషం, ఇంట్లో వద్దు. తయారుచేసిన పేస్టు రెండు రోజుల్లో వాడేయండి.

తడిస్తే ఎండలో పెట్టొద్దు, ఇస్త్రీ చేయొద్దు. పది పదిహేను పేజీలకొక తెల్ల టిష్యూ పెట్టి, ఫ్యాను కింద నిలువుగా విసనకర్రలా తెరిచి ఉంచి, టిష్యూలు తడిసినప్పుడల్లా మార్చండి. కొద్దిగా చెమ్మ మిగిలి ఉండగా మూసి బరువు పెడితే పేజీలు మరీ ముడతలు పడవు. రెండు రోజుల్లో ఆరకపోతే బూజు మొదలవుతుంది. అంత వీలు లేకపోతే ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. బూజు ఆగుతుంది, తీరిక దొరికినప్పుడు ఆరబెట్టుకోవచ్చు. నూనె మరక తాజాగా ఉంటే టాల్కం పౌడరు చల్లి రాత్రంతా ఉంచి దులపండి. పసుపు మరక పోదు, గోకితే కాగితమే పోతుంది.

అందరూ కూర్చునే రోజు

గంటన్నర చాలు. పదిమందికి మించితే ఇద్దరే మాట్లాడతారు. ముందుగా కవరులోని కాగితాలు ఎవరివో అడగకుండా ఒక్కొక్కటీ పైకి చదవండి, దాంతోనే మాట మొదలవుతుంది. అందరికన్నా చిన్నవాళ్లను మొదట మాట్లాడనివ్వండి. పెద్దవాళ్లు ముందు మాట్లాడితే చిన్నవాళ్లు తలూపి ఊరుకుంటారు.

‘మీకు ఏ పాత్ర నచ్చింది’ లాంటి ప్రశ్న రెండు నిమిషాల్లో చచ్చిపోతుంది. నవల లోపలి చిక్కుముడినే పట్టుకోండి. సింగపూర్ పడ్డాక ఖైదీలైన భారత సైనికుల్లో కొందరు, జపాన్ వైపు నిలిచి బ్రిటిష్‌వాళ్లతో పోరాడిన ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. కొందరు తిన్న ఉప్పుకు కట్టుబడి చేరనని శిబిరాల్లోనే ఉండిపోయారు. నిన్నటిదాకా ఒకే బెటాలియన్‌లో ఉన్నవాళ్లు అటూ ఇటూ అయ్యారు. 1944లో ఇంఫాల్ కొండల్లో ఫౌజు సిపాయిలకు ఎదురుగా ఉన్నదీ భారత సైనికులే. మరుసటి ఏడాది నవంబర్‌లో ఎర్రకోటలో ఫౌజు అధికారుల మీద విచారణ మొదలైతే దేశమంతా వాళ్ల వైపు నిలబడింది. మరి చేరనివాళ్ల సంగతి? వాళ్లది పిరికితనమా, మాట నిలబెట్టుకోవడమా? మీ నవలలోని స్నేహితులు ఎదురుపడ్డప్పుడు ఒకరు ట్రిగ్గర్ నొక్కకపోతే అది ద్రోహమవుతుందా? ఇలాంటి ప్రశ్న ఒకటి పెట్టి ఊరుకోండి. మాట ఇప్పటి పార్టీల వైపు మళ్లితే పుస్తకం తెరిచి ఆ పేజీ మళ్లీ పైకి చదవండి, వాదన తిరిగి కథలోకి వస్తుంది.

ఇంటి జ్ఞాపకాలు పైకి వస్తే

కోస్తాలో అయితే తప్పకుండా వస్తాయి. 1942లో ఎనిమిదేళ్లున్నవాళ్లకు ఇప్పుడు తొంభై దాటాయి. కాబట్టి మీరు వినేది ఎక్కువగా కొడుకులు, మనవలు విన్న కథే. కొన్ని కుటుంబాలు యుద్ధమయ్యాక తిరిగి వెళ్లి, 1962లో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక మళ్లీ వచ్చాయి. విశాఖలో బర్మా క్యాంపు అనే పేటే ఉంది. రెండు రాకలూ ఒకే కథలో కలిసిపోవడం మామూలు. “నడిచి వచ్చారా, ఓడలో వచ్చారా?” అని అడగండి. నడిచి వచ్చామంటే అది 1942 రాకే. ఓడ అంటే మాత్రం రెండింటిలో ఏదైనా కావచ్చు.

జ్ఞాపకం చెప్పమంటే చాలామంది ఏమీ లేదంటారు. వస్తువు అడగండి. బర్మా టేకు పెట్టె, లక్క పూసిన డబ్బా, ఓడ టికెట్టు, పాత ఫొటో. జపాన్ ప్రభుత్వం బర్మాలో అచ్చువేసిన రూపాయి నోట్లు కొన్ని ఇళ్లలో పెట్టెల అడుగున ఇంకా ఉంటాయి. యుద్ధం ముగియగానే అవి చిత్తుకాగితాలయ్యాయి. ఆ నోటు చేతికొస్తే దాని వెనక కథ కూడా బయటికొస్తుంది.

ఫోన్‌లో రికార్డు చేసేముందు అడగండి, చేశాక ఎక్కడ పెడతారో చెప్పండి. చెబుతున్నప్పుడు తేదీలు సరిదిద్దకండి. రాసుకునేటప్పుడు మాత్రం మూడు గుర్తులు పెట్టుకోండి: వాళ్లు చూసింది, వాళ్లు ఇంట్లో విన్నది, నవల చదివాక గుర్తొచ్చింది. మూడోదాన్ని జాగ్రత్తగా చూడాలి. మంచి నవలలోని దృశ్యం చదివినవాళ్ల తాతగారి కథలోకి తెలియకుండానే వచ్చి చేరుతుంది. ఎవరైనా చెబుతూ ఆగిపోతే ఇంకా చెప్పమని బతిమాలొద్దు. టీ ఇచ్చి వేరే మాట మొదలుపెట్టండి.

వరుస పూర్తయ్యాక

పుస్తకం ఎవరి దగ్గర ఉండాలన్న పేచీ రాకుండా మీ ఊరి శాఖా గ్రంథాలయానికి ఇచ్చేయడం మంచిది. ముందు గ్రంథాలయాధికారిని కలిసి, అది ఇప్పటికే అక్కడ ఉందో లేదో అడగండి. నలిగిన అట్ట మార్చండి, ఇళ్ల నంబర్లున్న చీటీ తీసేయండి. కవరులోని కాగితాలూ, ఇంటి జ్ఞాపకాలు రాసుకున్నవీ పుస్తకంతో పంపకూడదు, జ్ఞాపకాలను చెప్పినవాళ్లకే తిరిగి ఇవ్వాలి. పటం, తేదీలు, పాత్రలున్న రెండు కాగితాలు మాత్రం శుభ్రంగా తిరగరాసి వెనక అట్టలో ఉంచండి. రెండో ప్రతి కొని ఉంటే దాన్ని పక్క వీధికి ఇవ్వండి, ఈ తేదీల పద్ధతితో సహా.